తేదీ చెప్పండి

"ముసలాయన లోపలే పోయాడా, లేక నువ్వు పోయావా? తలుపు ఎప్పుడు తీస్తావో తేదీ చెప్పు."

పళ్ళు కూడా తోముకోకముందు ఆ పొద్దున నేను చదివిన మొదటి మాట ఇది. రాసింది గొడ్డుకారం. వాడు తనకు తాను పెట్టుకున్న పేరే అది. వాడెవడో, ఎక్కడుంటాడో, ఏం చేసి బతుకుతాడో నాకు తెలియదు. నేను తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటను కొన్నాడు. ఆట ఇంకా పూర్తి కాలేదు. కాబట్టి పొద్దున్నే నా ప్రాణం తీసే హక్కు వాడికి వచ్చేసింది.

తేదీ అట తేదీ! నేనేమైనా రైలునా, ఫలానా టైముకు వస్తానని బోర్డు మీద రాసిపెట్టడానికి? పళ్ళు కొరుక్కుంటూ ఎప్పటిలాగే 'త్వరలోనే' అని టైపు చేసి పడేశాను.

ఆట పేరు 'డ్యూటీ'. అందులో ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఉంటాడు. తెల్లారగానే డ్యూటీకి బయల్దేరాలని ఆయన తాపత్రయం. ఇల్లు వెళ్ళనివ్వదు. చొక్కా దొరికితే గుండీ ఉండదు, గుండీ దొరికితే కళ్ళజోడు కనబడదు. గదికో చిక్కు విప్పుకుంటూ వీధి తలుపు దాకా రావాలి. ఆ తలుపు తెరుచుకుని ఆయన బస్సెక్కేది ఆఖరి భాగంలో. మిగతా భాగాలన్నీ ఇచ్చేశాను, ఆఖరిది మాత్రం ఎంతకీ తెమలడం లేదు. బొమ్మలు నేనే వెయ్యాలి, కోడ్ నేనే రాయాలి, తలుపు కిర్రుమనే చప్పుడు కూడా నేనే పట్టుకోవాలి. కొన్నవాళ్ళంతా అభిమానుల గ్రూపులో చేరి నా మీద అరుస్తుంటారు.

అందరూ కాదు. కాసేపటికి గొడ్డుకారం మాట కింద నిదానం జవాబు కనబడింది.

"ఆవిడా మనిషే కదండీ. ఇంట్లో ఏం కష్టముందో మనకేం తెలుసు? ఒంటిచేత్తో చేసే పని. అమ్మా, మీరు వీళ్ళ మాటలు పట్టించుకోకండి. తొందరేముంది? నిదానంగా కానివ్వండి."

నిదానం అనేది కూడా పెట్టుకున్న పేరే. ఆ మనిషి మాట చదివితే నాకు కళ్ళు చెమర్చేవి. నన్ను అంతగా వెనకేసుకొచ్చినవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరూ లేరు. అందుకే ఏది అడిగినా కాదనలేకపోయేదాన్ని. 'కిటికీ బయట వాన పడితే బాగుంటుంది కదా' అంటే వాన కురిపించాను. 'గోడ మీద ఒక పిల్లి ఉంటే తాతకు తోడుగా ఉంటుంది' అంటే పిల్లిని పెట్టాను. దానికి నడక, దూకడం, ఒళ్ళు విరుచుకోవడం నేర్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. 'పిల్లి ఎవడిక్కావాలి? తలుపు తియ్!' అని గొడ్డుకారం గావుకేకలు పెడితే, రసహీనుడు అని తిట్టుకున్నాను.

తాత ఎవరో చెప్పాలి కదా. మా నాన్నే. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తర్వాత మతిమరుపు జబ్బు వచ్చింది. అందరినీ మరిచిపోయాడు గానీ డ్యూటీని మాత్రం మరిచిపోలేదు. ఒకసారి మాకెవరికీ చెప్పకుండా బయల్దేరి వెళ్ళిపోయాడు. ఊరంతా వెతికితే బస్టాండులో దొరికాడు, ఖాళీ బస్సులో డ్రైవరు సీట్లో కూర్చుని. దిగనంటే దిగనని స్టీరింగు పట్టుకుని ఏడ్చాడు. ఆ రోజు నుంచి మా గ్రిల్ తలుపుకు లోపలి నుంచి తాళం. తాళంచెవి గొలుసుకు కట్టి నా మెడలో వేసుకున్నాను. ఖైదీనీ నేనే, జైలరునీ నేనే.

అన్నయ్యా వదినా పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. వదిన పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. పెళ్ళయినప్పటి నుంచీ ఇంటిపట్టునే ఉండి, ఈ మధ్యే చేరింది. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని ఆవిడ మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడులో ఒక హుషారు వినిపించేది. వాళ్ళు వెళ్ళగానే తాళం వేసి, నాన్నను నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టేదాన్ని. సాయంత్రం వదిన వచ్చి, నా బల్ల మీద టీ పెట్టి, "ఎంతవరకు వచ్చింది అమ్మాయ్? కళ్ళు పాడుచేసుకోకు. అదేమన్నా పారిపోతుందా?" అనేది.

ఆట పూర్తయ్యేదాకా నాన్నను నేను చూసుకోవాలి, పూర్తయ్యాక వదిన ఉద్యోగం మానేస్తుంది, నా దారిన నేను వెళ్ళొచ్చు. ఈ ఒప్పందం చేసింది అన్నయ్య. మా ఇద్దరి తరఫునా తనే మాటిచ్చేసి, స్కూటర్‌కు కవరు కప్పాలంటూ కిందికి వెళ్ళిపోయాడు.

నా దారి ఎటో నాకు తెలుసు. వేరే ఊళ్ళో ఆటలు చేసే ఒక స్టూడియో ఉంది. దాన్ని నడిపే ఆవిడ నా పని చూసి ఫోన్ చేసింది. "మొదలుపెట్టేవాళ్ళు మా దగ్గర బోలెడుమంది ఉన్నారు. ముగించేవాళ్ళు కావాలి. ఆఖరి భాగం విడుదల చేసి రా, కుర్చీ నీది. నెలాఖరు దాటితే మాత్రం ఇంకొకరిని చూసుకుంటాను" అంది. ఆ కుర్చీ కోసం నేను పడ్డ తపన అంతా ఇంతా కాదు. నేను కోరుకున్నప్పుడు లేచి బయటికి వెళ్ళగలిగే కుర్చీ అది.

పిల్లి పూర్తవగానే, విడుదలకు ముందు ఆడి చూడమని నలుగురైదుగురు నమ్మకస్తులకు పంపాను. అందరికంటే ముందు నిదానానికి. ఆట ఎక్కడైనా మొరాయిస్తే, ఏ చోట ఆగిందో, ఏ కంప్యూటర్ మీద ఆగిందో నాకు దానంతటదే కబురు వస్తుంది. అలా పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం. అన్నయ్య హాల్లో టీవీ ముందు ఉన్నాడు. వదిన తలనొప్పిగా ఉందని గది తలుపు వేసుకుని పడుకుంది. నాకు కబురు వచ్చింది. ఆడుతున్నవారు: నిదానం. ఆగిన చోటు: పిల్లి గోడ దూకేటప్పుడు. కంప్యూటర్ పేరు: ముసలిగుర్రం.

ముసలిగుర్రం నా పాత ల్యాప్‌టాప్. తోస్తే గానీ కదిలేది కాదని ఆ పేరు నేనే పెట్టాను. కొత్తది కొనుక్కున్నాక దాన్ని వదినకు ఇచ్చేశాను. లోకంలో ఇంకెన్ని ముసలిగుర్రాలు లేవు, అని కాసేపు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత లేచి వెళ్ళి వదిన గది తలుపు తోశాను.

ల్యాప్‌టాప్ దిండు మీద ఉంది. తెర మీద నా పిల్లి గాల్లో ఆగిపోయి ఉంది.

"ఏం నొక్కినా కదలట్లేదు అమ్మాయ్" అంది వదిన, నన్ను చూసి. ఆ తర్వాతే ఆవిడ మొహం పాలిపోయింది.

"నిదానం నువ్వా వదినా?"

"మొదట్లో నిజంగా నీ కోసమే రాశాను. ఎవడో నిన్ను నోటికొచ్చినట్టు తిడుతుంటే చూడలేకపోయాను. ఒట్టు."

"తర్వాత?"

వదిన దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "తర్వాత నా కోసం రాశాను. వాన నా కోసమే. పిల్లీ నా కోసమే. నువ్వు ఒక్కోటి పెడుతుంటే నాకు ఇంకొన్నాళ్ళు దొరికేవి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తడిగుడ్డతో గొంతు కోశావు కదా! పైగా రోజూ టీ ఇచ్చి మరీ!"

"కోశాను. కాదనను" అంది. గొంతు తగ్గించలేదు. "ఇన్నేళ్ళూ ఈ నాలుగు గోడలే. ఇప్పుడు అక్కడ నన్ను మేడం అంటారు. పంటినొప్పితో ఏడుస్తూ వచ్చినవాళ్ళు నాతో రెండు మాటలు మాట్లాడి కుదుటపడతారు. నువ్వు ఆటలో ఆ తలుపు తీసిన రోజు, నాకు ఇక్కడ తలుపు పడుతుంది. నన్నేం చెయ్యమంటావ్?"

కోపం పోలేదు, కానీ దాన్ని ఎవరి మీద పారెయ్యాలో తెలియలేదు. హాల్లో టీవీలో ఎవరో గోల్ కొట్టినట్టున్నారు, అన్నయ్య చప్పట్లు కొట్టాడు. అంతసేపు వాదించుకున్నాం, అన్నయ్య పేరు మా ఇద్దరిలో ఒక్కరి నోటా రాలేదు. ఆ సంగతి నాకు తట్టేసరికి చాలా ఆలస్యమైంది.

నా గదికి వచ్చి కూలబడ్డాను. నాన్న తిన్న కంచాన్ని స్టీరింగులా పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు నేను కూతురిని కాదు, కండక్టరును.

"ఇంకా ఎంతసేపయ్యా కండక్టరూ? బండి కదలదా?"

"ఒకడేమో బూతులు తిడుతున్నాడు నాన్నా, ఎప్పుడు తీస్తావని. ఇంకొకరేమో తొందరేం లేదు, నిదానంగా వెళ్దాం అంటున్నారు. ఎవరి మాట వినను?"

నాన్న నవ్వాడు. "తిట్టేవాడికి వెళ్ళాల్సిన చోటు ఉందిలే. బండి కదలకపోయినా పర్లేదన్న మనిషిని అడుగు, దిగడానికేమన్నా భయమేమో." అని, మళ్ళీ కంచం తిప్పుకోవడంలో పడిపోయాడు.

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. కానీ నెలాఖరు ముంచుకొస్తోంది. పిల్లిని తీసేశాను. వాన తీసేశాను. మిగిలింది తాత, గడప, తలుపు. గొడ్డుకారం మొదటి నుంచీ అడిగింది అంతే, ఒక్క ముక్క ఎక్కువ అడగలేదు. ఆ మాట నాకు అప్పటిదాకా తిట్టులాగే వినిపించింది.

ఆఖర్న కండక్టరు గొంతు కావాలి. మైకు దగ్గర పెట్టుకుని "రైట్, రైట్!" అన్నాను. పక్కన నాన్న చటుక్కున నిటారుగా కూర్చుని, కుడికాలు నేలకేసి నొక్కి, కంచాన్ని మెల్లగా తిప్పాడు. ఎంతకాలంగా ఆ మాట కోసం చూస్తున్నాడో. మొహం వెలిగిపోయింది. గోడకేసి చూస్తూ, ఎదురుగా రోడ్డున్నట్టే పోనిచ్చాడు.

విడుదల మీట మీద వేలు పెట్టాను. వదిన మీద కోపం, జాలి, రెండూ ఉన్నాయి. అయినా నొక్కాను.

గ్రూపంతా పండగ చేసుకుంది. గొడ్డుకారం రాశాడు: "తాత బస్సెక్కాడు. నేను ఏడ్చాను. ఈ సంగతి ఎవరైనా ఇంకెక్కడైనా చెబితే ఊరుకోను." నిదానం ఏమీ రాయలేదు.

వెళ్ళే రోజు మెడలోంచి తాళంచెవి తీసి అన్నయ్యకు చాపాను. "నాకెందుకే? నాకు ఆఫీసు లేదూ? మీ వదినకివ్వు. టాక్సీ వచ్చినట్టుంది, చూస్తా" అంటూ మెట్లు దిగిపోయాడు. వదిన తల వంచింది. గొలుసు ఆవిడ మెడలో వేశాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగు తలుపు వెనక మేకుకు వేలాడుతోంది.

"ఎప్పుడొస్తావ్?"

"కాస్త కుదురుకోనివ్వు వదినా. ఇక్కణ్ణుంచి పని చేసుకుంటానని అడిగి వచ్చేస్తా. కొన్నాళ్ళు నేనుంటా, నువ్వు వెళ్దువుగాని. నిజంగా."

"తొందరేం లేదులే. నిదానంగానే రా" అంది, అలవాటు కొద్దీ. నా వెనక గ్రిల్ మూసి తాళం వేసుకున్న చప్పుడు కింది మెట్టు దాకా వినిపించింది.

కొత్త ఆఫీసులో తలుపులు మనిషిని చూడగానే వాటంతటవే తెరుచుకుంటాయి. మొదట్లో ఊరికే అటూ ఇటూ తిరిగేదాన్ని, వాటిని చూడ్డానికే. పని బాగుంది, మనుషులు బాగున్నారు. వదిన ఫోన్ చేస్తే నాన్న సంగతులు చెప్పేది. ఎప్పుడొస్తావని అడిగేది కాదు. నేనే 'వచ్చే నెల చూస్తా' అనేదాన్ని. ఆ నెల వచ్చేది, మళ్ళీ వచ్చే నెల అనేదాన్ని. కుదురుకోవడానికి ఎంతకాలం పడుతుందో ఎవరు చెప్పగలరు?

ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ గ్రూపు తెరిచాను. నిదానం చాలాకాలానికి ఒక మాట రాసింది.

"తేదీ చెప్పండి."

అంతే. దాని కింద జనం విరుచుకుపడ్డారు. మొన్ననే కదా ఒక ఆట పూర్తిచేసింది, అప్పుడే రెండోదానికి తొందరా? మీరసలు మనుషులేనా? ఇలాంటివాళ్ళ వల్లే చేసేవాళ్ళు చెయ్యడం మానేస్తారు. గొడ్డుకారం కూడా వచ్చాడు: "నిదానంగారూ, మీరూ ఇలాగే తయారయ్యారా? ఆవిడ మాట నిలబెట్టుకుంది. కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."

కంచం పక్కకు జరిపాను. ఇంతమంది నా పక్షాన ఎప్పుడూ నిలబడలేదు.

"నిదానంగారిని ఎవరూ ఏమీ అనకండి. ఆమె అడిగింది న్యాయమే" అని రాశాను. దాని కింద తేదీ రాద్దామని క్యాలెండర్ తెరిచి ఈ నెల చూశాను, పై నెల చూశాను. చివరికి వేళ్ళు వాటంతటవే 'త్వరలోనే' అని కొట్టాయి.

చెరిపేశాను. మళ్ళీ అదే కొట్టాయి.