గాటు పడని చెక్క

నేను ఒక పనస చెక్కను. దేవుడి గూట్లో ఒంటినిండా పసుపుతో, కుంకుమ బొట్లతో ఉంటాను కాబట్టి అందరూ నన్ను పీట అంటారు. నేను పీటను కాను. కూరగాయలు కోసుకోవడానికి చేసిన చెక్కను. చాలాకాలం ఈ సంగతి ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషికి నోరు పెగలలేదు.

ఆయన మోహనాచారి, అనకాపల్లిలో వడ్రంగి. ఆయన భార్య సుగుణకు మోకాళ్లు అరిగిపోయాయి. నేల మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కానీ ఆ ఇంట్లో కూర తరగాలంటే కత్తిపీట ముందు కూర్చోవలసిందే. తరగడం అయ్యాక ఆమె గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి లేవడం ఆయన రోజూ చూసేవాడు. వంటగట్టు దగ్గర నిలబడి చాకుతో కోసుకుంటే ఈ బాధ ఉండదు కదా అనుకున్నాడు. అలా పుట్టాను నేను.

ఎవరి తలుపుకో తెచ్చిన కలపలో మిగిలిన ముక్కను. చాకు మొద్దుబారకూడదని పనసనే ఏరాడు. చిత్రిక పడుతుంటే పచ్చటి పొట్టు ఆయన పాదాల మీద రాలింది. ఆమె చేతికి గుచ్చుకోకుండా అంచులు గుండ్రంగా అరగదీశాడు. సాండ్‌పేపరుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగు ఆరాక మళ్లీ రుద్దాడు. వార్నిష్ వేస్తే కూరలో కలుస్తుందని కొబ్బరినూనె పట్టించి నీడన ఆరబెట్టాడు. ప్రేమ అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు గానీ, ఆ నాలుగు రోజులూ ఆయన చేతుల్లో నేను దాన్ని ఎరుగుదును. చివరికి, అడుగున తడి నిలవకూడదని రెండు బద్దలు బిగించాడు. పీట కాళ్లలా కనిపించి నా కొంప ముంచినవి ఆ బద్దలే.

అరుగు మీద కూర్చున్న ఆయన తల్లి అచ్చమ్మ అటే చూస్తోంది.

"ఏట్రా అది?"

పెళ్లాం కోసమని తల్లి ముందు చెప్పడానికి అంత మీసాలున్న మగాడికి సిగ్గేసింది.

"ఏం లేదమ్మా. పీట."

"పనస పీటే. దేవుడికి మంచిది. ఇలాగియ్యి."

పసుపు రాసింది, బొట్లు పెట్టింది, స్వామి పటాన్ని నా మీద నిలబెట్టింది. మోహనాచారి పనిముట్లు సర్దుకున్నాడు. సుగుణ మురిసిపోయి, మోకాలు నొక్కుకుంటూ వంగి నాకు దండం పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంకొకటి చేస్తే అమ్మ మళ్లీ అడుగుతుందని ఆయన భయం. రేపు, ఎల్లుండి అని వాయిదా వేశాడు. ఈలోగా ఊళ్లో ఎన్నో వంటిళ్లకు అలమరలు చేశాడు. ఆ ఇళ్ల ఆడవాళ్లకు నడుము పట్టకుండా గట్టు ఎత్తు కొలిచి మరీ చేశాడు. తన ఇంట్లో సుగుణ మాత్రం నేల మీదే బెండకాయలు తరిగింది. పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకుని మనుషులు ఎంత హాయిగా కాలం గడుపుతారో నా గూట్లోంచి బాగా కనిపించేది.

కొన్నేళ్లకు అచ్చమ్మ పోయింది. ఏడాది తిరిగాక ఒక పొద్దున ఆయన నన్ను దించి, పసుపు కడిగి, గట్టు మీద పెట్టాడు.

"ఇది నీకోసమే సేసేను. నిలబడి కూరలు కోసుకుంటావని."

సుగుణ నా గుండ్రటి అంచు మీద వేలు పోనిచ్చింది.

"ఆ రోజే సెప్పలేపోయారా?" అంది. "ఇన్నాళ్లూ దేవుడు కూకున్న పీట. ఇప్పుడు దీని మీద ఉల్లిపాయలు కొయ్యమంటే నాకు సెయ్యాడతాదా?"

"ఇంకోటి సేస్తాను."

"ఇప్పుడెందుకు? గట్టుకాడ నిలబడే ఓపిక మాత్రం ఏదీ?"

నన్ను మళ్లీ గూట్లో పెట్టించింది. ఇప్పుడు కూరలు మోహనాచారే తరుగుతున్నాడు, ఆ కత్తిపీట మీదే, నేల మీద కూర్చుని. నా ఒంటి మీద ఇప్పటికీ ఒక్క గాటు లేదు. వచ్చినవాళ్లు పీట ఎంత నునుపుగా ఉందో అని మెచ్చుకుంటారు.

సుగుణ రోజూ గోడ పట్టుకుంటూ నా దగ్గరికి వస్తుంది. ఆమె నిలబడి పని చేసుకోవాలని నన్ను చేశారు. ఇప్పుడు వంగలేక, నిలబడే నాకు దండం పెడుతుంది.