గల్లీ మీది వైరు

మనవాళ్ళు క్రికెట్ కప్పు గెలిచిన ఏడు, కోతల పండుగ నాడు మా చిన్నాయన యోసేపు చర్చి వేలంపాటలో ఒక రేడియో పాడి తెచ్చాడు. అందరూ గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్ల మూటలు కానుకగా పెడితే, మిషన్ దవాఖానలో కొలువు ముగించుకుని తన దేశం వెళ్ళిపోతున్న డాక్టరమ్మ ఆ రేడియో పెట్టింది. ముందు భాగమంతా వెండిలా మెరిసే రేకు. మధ్యలో పొడవాటి అద్దం, దాని వెనక అంకెలు. ఒక పెద్ద మర. దాన్ని వేలితో ఒక్కసారి తోస్తే, నూనె పోసిన రాట్నంలా తనంతట తానే కొంత దూరం తిరిగేది. చిన్నాయన దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కొత్తవాడ దాకా నడిచి వచ్చాడు.

నేను రఘునాథపల్లిలో పదో తరగతి అయ్యాక మా చిన్నమ్మ లిదియాకు సాయంగా వచ్చి వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. చిన్నాయన జంపఖానాలు నేస్తే, నేనూ చిన్నమ్మా దారం చుట్టిపెట్టేవాళ్ళం. ఆ సాయంత్రం మగ్గం ఆపి ముగ్గురం రేడియో ముందు కూర్చున్నాం. స్విచ్చి వేయగానే అద్దం వెనక తేనెరంగు వెలుగు వచ్చింది. మర తిప్పుతుంటే మూలనున్న చిన్న కిటికీలో ఒక ముల్లు పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. చప్పుడు మాత్రం రాలేదు. చిన్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి నోరేదయ్యా?" అంది.

మర్నాడు చౌరస్తాలో రేడియోలు బాగుచేసే అతను చూసి నవ్వాడట. ఇది ట్యూనర్ అట. గాలిలో పాటను పట్టుకుని ఇంకో పెట్టెకు అందిస్తుందట. పాడేది ఆ రెండో పెట్టె, దానికి తగిలించిన స్పీకరు. డాక్టరమ్మ వాటిని ముందే వేరేవాళ్ళకు ఇచ్చేసింది. పైగా అద్దం మీది రెండు వరుసల్లో కిందిది ఎఫ్ఎం అట. మద్రాసులో అలాంటి స్టేషన్ ఉంది గానీ మన దగ్గర లేదు.

"అంటే చెవి కొనుక్కొచ్చినవు. దానికి లైటొకటి," అని చిన్నమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

పాడే పెట్టె మా గల్లీలో ఒక్క ఇంట్లోనే ఉంది. అది మాకు ఎదురిల్లే. రాయమల్లు పెళ్ళిళ్ళకు, సభలకు మైకు సెట్టు కిరాయికి ఇస్తాడు. కానీ ఆయనకూ చిన్నాయనకూ మూడేళ్ళుగా మాటల్లేవు. అంతకుముందు ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. రోజూ సాయంత్రం ఒకే హోటల్లో, ఒకే బెంచీ మీద కూర్చుని రేడియో వినేవాళ్ళు. చర్చి సభలో ప్రసంగం మధ్యలో మైకు ఆగిపోతే, చిన్నాయన నలుగురిలో "ఇనుప సామాన్లోనికి అమ్ముకో నీ సెట్టు" అన్నాడు. అంతే. అప్పటి నుంచి చిన్నాయన ఇంట్లోనే చాయ తాగుతున్నాడు. ఎందుకని అడిగితే హోటల్లో చాయ పాడైందంటాడు. ఇంటి చాయ తాగుతున్నంతసేపూ ఆయన చూపు ఎదురింటి మీదే ఉండేది.

పాడదని తెలిసినా చిన్నాయన పొద్దుగూకే వేళకు ట్యూనర్ వేసేవాడు. తుండుగుడ్డతో అద్దం తుడిచేవాడు. మర తిప్పుతూ ముల్లు లేచినచోట ఆగి, ఏదో వింటున్నట్టు తల వంచేవాడు. సరిగ్గా ఆ వేళకే రాయమల్లు బీడీ ముట్టించుకుని తన గడపలో నిలబడేవాడు. బీడీ ఆరిపోయినా లోపలికి పోయేవాడు కాదు. ఆయన కళ్ళు మా ట్యూనర్ ముల్లుతోపాటే లేచి దిగేవి.

ఒకనాడు ఉండబట్టలేక పెళ్ళాంతో గట్టిగా అన్నాడు.

"ఏమే సమ్మమ్మా, కొందరు దాన్ని మూగదంటాండ్రు. ముల్లు లేస్తాంది సూడు. పాట గొంతు దాక వచ్చి ఆగింది పాపం."

చిన్నాయన గుంజకు కట్టిన మేక వైపు తిరిగాడు. "ఇన్నవా? నోరున్నోళ్ళు శానమంది ఉన్నరు. ఒక్కడన్న మాట్లాడుతాండా?"

మేక ఆకు నములుతూ ఉండిపోయింది.

"మీ ఇద్దరి నడుమ ఆ మేక పానం పోతది," అంది సమ్మమ్మ.

క్రిస్మస్ దగ్గర పడింది. చిన్నమ్మ తెగేసి చెప్పింది. "పండుగ లోపల అది పలుకకపోతే స్టీలు బిందెకిచ్చేస్త. ఇంట్ల జాగ లేదు." ఆ సాయంత్రం చిన్నాయన అద్దాన్ని చాలాసేపు తుడిచాడు.

పాత సామాను తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే కట్టమ్మ గంప దించిన రోజు నాకు బాగా గుర్తు. మా గడప ముందు నీడ ఉంది. అయినా చిన్నమ్మ ట్యూనర్ను ఎత్తుకెళ్ళి రాయమల్లు గడప ముందు, ఎండలో పెట్టి బేరం మొదలుపెట్టింది.

"దీంట్ల ఏమున్నదవ్వా? ఉత్త రేకు," అంది కట్టమ్మ, వేలితో కొట్టి చూస్తూ. "చిన్న బిందె ఇస్త."

"రేకు తీసి పొయ్యికి అడ్డం పెట్టుకో. పెద్ద బిందె ఇయ్యి," అంది చిన్నమ్మ, అవసరమైన దానికంటే గట్టిగా.

లోపల ఏదో కిందపడిన చప్పుడైంది. రాయమల్లు బనీను మీదే బయటికి వచ్చాడు. మా ఇంటి వైపు తిరిగి అరిచాడు.

"ఏయ్ యోసేపు! బయటికి రా! బిందెకిస్తవా దీన్ని? బిందెకు?"

మగ్గం ఆగింది. చిన్నాయన జుట్టునిండా దూదితో గడపలోకి వచ్చాడు.

"నీతోని నాకు మాటల్లేవు," అన్నాడు.

"నాకు గూడ లేవు. గీ వైరు కొస పట్టు."

కట్టమ్మ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. చిన్నమ్మ ఆమెను వెనక్కి పిలవలేదు.

మైకు సెట్టు తన గడప దాటదన్నాడు రాయమల్లు. కిరాయి ఎప్పుడొస్తుందో తెలియదట. పండుగ నాడు తెచ్చుకున్న వస్తువు ఇక తన గడప దాటదంటూ చిన్నాయన ట్యూనర్ను మళ్ళీ మా ఇంట్లోకి ఎత్తుకొచ్చాడు. అందుకని గల్లీకి అడ్డంగా, రెండు చూర్ల మధ్య మైకు వైరు కట్టారు. మామూలు వైరైతే గుయ్యిమంటుందని రాయమల్లు మంచి వైరే తీశాడు. చిన్నాయన ఇక్కడ మర తిప్పాడు. ముల్లు లేచింది. ఎదురింటి చెక్కపెట్టె స్పీకరులోంచి ఒక మగగొంతు మిరపతోటకు పట్టే తెగులు గురించి చెప్పడం మొదలుపెట్టింది. గల్లీ అంతా కదలకుండా విన్నది. మాటకూ మాటకూ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది.

"మనింట్ల కూసోని చెప్పినట్టే ఉన్నది," అంది సమ్మమ్మ.

ఆ రోజు నుంచి సాయంత్రాలన్నీ అరుపులే. "జర పెంచు!" అని ఇటు నుంచి. "దాటిపోయినవ్, ఎనుకకు రా!" అని అటు నుంచి. అయినా ఎవరైనా అడిగితే ఇద్దరూ మాకు మాటల్లేవనే చెప్పేవాళ్ళు. పిలుపు కూడా "ఏయ్" దగ్గరే ఆగింది. బావా అన్న మాట ఎవరి నోటా రాలేదు. చిన్నాయన చాయ ఇంట్లోనే తాగుతున్నాడు.

పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. సెట్టు వర్ధన్నపేటకు కిరాయికి పోయింది. వైరు కొస చూరుకు వేలాడింది. చిన్నాయన ఆ సాయంత్రం కూడా ట్యూనర్ వేసి ముల్లును చూస్తూ కూర్చున్నాడు. "ఎప్పుడొస్తడో," అన్నాడు. సెట్టు కోసమే అన్నాడనుకుంటే అనుకోవచ్చు.

మర్నాడు పొద్దుగూకుతుండగా రిక్షా వచ్చింది. రాయమల్లు కాళ్ళు కూడా కడుక్కోకుండా వైరు తగిలించి సెట్టు వేశాడు. గల్లీలోకి పాట రాలేదు. రేకుల మీద వాన పడుతున్నట్టు ఒకటే హోరు. చిన్నాయన మరను ఎఫ్ఎం వరుసలో పెట్టి ఉన్నాడు.

"అటెందుకు పోయినవ్ బావా? అటెవ్వరు లేరు!"

ఆ మాట బయటికి వచ్చాక రాయమల్లే ఆగిపోయాడు. చిన్నాయన చేయి మర మీదే ఉంది.

"లేరని ఎరుకే బావా. రేపో మాపో వస్తరు గద. గందుకే జాగ ఊడ్చి పెడుతాన్న."

చిన్నమ్మ వంటింట్లోంచి రెండు గ్లాసుల చాయ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఒకటి చిన్నాయనకు ఇవ్వబోతే తీసుకోలేదు. లేచి, చెప్పులు వెతుక్కుంటూ, "అక్కడికే పట్టుకరా బిడ్డా," అన్నాడు.

ఆయన వెనకే వైరు కింద నుంచి గల్లీ దాటాను. ఎదురింట్లోంచి ఆ వాన చప్పుడు వస్తూనే ఉంది. తగ్గించమని ఎవరూ అనలేదు.