కొక్కేనికి తగలని తువ్వాళ్ళు

కొండమీది ఆ విడిదిలో ప్రతి స్నానాలగది తలుపుకీ ఒక అట్టముక్క అంటించి ఉండేది. పచ్చటి అక్షరాలు, పక్కన ఒక ఆకు బొమ్మ. "నీరు అమూల్యమైనది. తువ్వాలు మళ్ళీ వాడదలచుకుంటే కొక్కేనికి తగిలించండి. ఉతకవలసినవాటిని మాత్రమే నేలమీద వేయండి" అని దానిమీద రాసి ఉండేది. అక్కడికి వచ్చేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే కనక అందరూ చదివేవారు. బాగుందని ఫోనులో ఫొటో తీసి పదిమందికి పంపేవారు కూడా. పంపడం అయ్యాక ఒళ్ళు తుడుచుకుని, తువ్వాలు నేలమీద పడేసి, ఈల వేసుకుంటూ బయటికి పోయేవారు.

ఈ భాగోతం అందరికన్నా బాగా తెలిసిన మనిషి లాండ్రీ గదిలో పనిచేసే ఆవిడ. విడిదిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను లాండ్రీ అక్క అనేవారు. వంటింటి వెనక, రెండు పెద్ద మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నెత్తిమీద ఒకే ఒక్క కిటికీ ఉన్న గదిలో ఆమె తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. అతిథుల ముఖాలు ఆమె ఎక్కువగా చూసేది కాదు. చూడవలసిన అవసరమూ లేదు. గది నంబరు బిళ్ళ కట్టిన మూట విప్పితే చాలు, మనిషి ఎలాంటివాడో తెలిసిపోయేది. ముఖానికో తువ్వాలు, జుట్టుకో తువ్వాలు, పాదాలకో తువ్వాలు. మడత కూడా విప్పకుండా, ఊరికే తడిపి పారేసింది మరొకటి. బూట్ల బురద తెల్లటి తువ్వాలుతో తుడిచిన మహానుభావులకూ కొదవ లేదు. వాళ్ళ ఇళ్ళల్లో అలా చేస్తారా అని ఆమె మొదట్లో ఆశ్చర్యపోయేది. తర్వాత ఆశ్చర్యం పోయి అసహ్యం మిగిలింది.

ఆ అసహ్యానికి కారణం చాకిరీ ఒక్కటే కాదు. కొండమీద ఉన్నది ఒకే ఒక ఊట. దాని నీళ్ళు గొట్టంలో వచ్చి ముందు విడిది ట్యాంకు నింపేవి. అది నిండి పొర్లితే, ఆ పొర్లిన నీళ్ళు దిగువన ఉన్న పేటకు పోయేవి. పేటలో అరవై ఇళ్ళు. అందులో ఒకటి లాండ్రీ అక్కది. విడిదిలో పదిమంది ఉన్నప్పుడు పేటకు నీళ్ళు పుష్కలంగా వచ్చేవి. సెలవులు వచ్చి గదులన్నీ నిండితే ట్యాంకు పొర్లడం మానేసేది. అంటే, ఆమె ఇక్కడ మిషను తిప్పినంతసేపూ అక్కడ ఆమె ఇంట్లో బిందె ఎండుతూ ఉండేది. తన ఇంటి నీళ్ళు తన చేత్తోనే పారబోసి జీతం తెచ్చుకుంటున్నానన్న సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ చేసేది. ఇంకో పని ఆ కొండమీద లేదు.

ఆమె అత్తకు డెబ్బై దగ్గర పడింది కాని నోటికి మాత్రం ఇరవయ్యేళ్ళే. కోడలు సాయంత్రం గడప తొక్కగానే అడిగేది.

"ఏమే, నీ దొరలు ఇవాళ ఎన్నిసార్లు మునిగారు?"

"రెండుసార్లు అత్తా."

"అంత మురికి ఎక్కడ పట్టిందే వాళ్ళకి? కుర్చీలో కూచుని ఆకాశం చూడ్డానికేగా వచ్చారు!"

ఆ ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సంఘంవాళ్ళు వచ్చి దిగారు. పేరు ప్రకృతి నేస్తాలట. ముప్ఫైమంది మనుషులు, పదిహేడు కార్లు. అందరి భుజాలకూ 'భూమి మన తల్లి' అని రాసిన గుడ్డ సంచులు. ఆ సంచుల నిండా ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు. వాళ్ళ నాయకుడు పచ్చటోపీ పెట్టుకున్న పెద్దమనిషి. చెట్టు కనపడితే చాలు, దాన్ని కౌగిలించుకుని, ఫొటో అయ్యేదాకా వదిలేవాడు కాడు.

వాళ్ళతోపాటే కాలేజీలో పరిశోధన చేసే ఒకమ్మాయి వచ్చింది. యాత్రికులకు పర్యావరణం మీద ఎంత శ్రద్ధ ఉందో తెలుసుకోవడం ఆమె పని. భోజనాల హాల్లో బల్ల బల్లకూ తిరిగి, పైన గది నంబరు రాయించుకుని ప్రశ్నల కాగితాలు పంచింది. నీళ్ళు పొదుపుగా వాడతారా? తువ్వాళ్ళు మళ్ళీ వాడతారా? మీరు వెళ్ళిన చోట ఉండేవాళ్ళ గురించి ఆలోచిస్తారా? అందరూ ఎడాపెడా 'ఎల్లప్పుడూ' అన్న గడిలో టిక్కు పెట్టేశారు.

"మమ్మల్ని అడగడమేమిటమ్మా!" అని పచ్చటోపీ నవ్వాడు. "మేం పుట్టిందే ప్రకృతి కోసం." వడ్డించే కుర్రాడి వైపు తిరిగాడు. "ఇదిగో బాబూ, పైన నా గదిలో తొట్టి నింపమని చెప్పు. పొద్దుట నింపినవి చల్లారిపోయుంటాయి."

మర్నాడు మొక్కలు నాటే కార్యక్రమం. విడిది ముందున్న పచ్చిక తవ్వి, తలా ఒక మొక్క నాటి, పైపుతో నీళ్ళు పెట్టారు. ఎవరి మొక్క పక్కన వాళ్ళు మోకాళ్ళమీద కూచుని ఫొటోలు దిగారు. ఒళ్ళంతా మట్టయింది కదా, లోపలికి పోయి ముప్ఫైమందీ మళ్ళీ స్నానాలు చేశారు. ఆరోజు లాండ్రీ గదిలో మూటలు కిటికీ ఎత్తుకు లేచాయి. పేటకు మాత్రం వరసగా రెండోరోజు కూడా చుక్క నీరు పోలేదు.

నీళ్ళు రాకపోతే పేట ఆడవాళ్ళు లోయలోని వాగుకు దిగాలి. దారి నిటారుగా ఉంటుంది, రాళ్ళన్నీ నున్నగా ఉంటాయి. ఆ మూడోరోజు పొద్దున అత్త కూడా బిందె పట్టుకుని బయల్దేరింది. వద్దంటే వినే మనిషి కాదు. అదే సమయానికి ప్రకృతి నేస్తాలు నడకకని ఆ దారినే వచ్చారు. నెత్తిన బిందెలతో వరసగా ఎక్కి వస్తున్న ఆడవాళ్ళను చూసి వాళ్ళకు ఆనందం పట్టలేదు.

"చూశారా, ఈ నడకే వీళ్ళ ఆరోగ్య రహస్యం!" అన్నాడు పచ్చటోపీ. "మనకుందా ఈ అదృష్టం?"

వాళ్ళలో ఒకావిడ కెమెరా ఎత్తి ముసలామెను ఆపింది. "అవ్వా, ఒక్కసారి వెనక్కి దిగి మళ్ళీ ఎక్కండి. ఇందాక సరిగా పడలేదు. ఇప్పుడు వెలుతురు చాలా బాగుంది."

అత్తకు నవ్వొచ్చిందో, పెద్దింటి మనిషి అడిగిందని మొహమాటపడిందో తెలియదు. నిండు బిందెతో నాలుగు మెట్లు వెనక్కి దిగింది. కెమెరా క్లిక్కుమంది. అయిదో రాయి తడిగా ఉంది. కాలు జారింది.

బిందె లోయలోకి దొర్లిపోయింది. ఆమె పడ్డచోటే ఉండిపోయింది. ప్రకృతి నేస్తాలు అయ్యయ్యో అన్నారు. ఒకాయన సగం తాగిన నీళ్ళ సీసా ఇచ్చాడు. ఇంకొకాయన ఇక్కడ సిగ్నల్ లేదే అని ఫోను ఆకాశంలోకి ఎత్తి చూశాడు. పేట ఆడవాళ్ళే ఆమెను దుప్పట్లో వేసుకుని రోడ్డుదాకా మోశారు. ఆ మోత మొదలయ్యేలోగానే కెమెరా ఆవిడ, ఫలహారం టైం దాటిపోతోందని గుర్తుచేసింది.

కబురు అందేసరికి లాండ్రీ అక్క మిషనులో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటూ నిలబడి ఉంది. చెయ్యి చాచి మీట నొక్కి ఆపేసింది. కట్టుకున్న ఆప్రాను కూడా విప్పకుండా ఆస్పత్రికి పరుగెత్తింది.

తుంటి ఎముక విరిగిందన్నాడు డాక్టరు. ఆపరేషను చేయాలి, నాలుగు నెలలు మంచం దిగకూడదు. కోడలు మంచం పక్కన నేలమీద కూలబడి ఏడ్చింది.

"నేనే పారబోశాను అత్తా. ఆ నీళ్ళన్నీ నా చేత్తోనే పారబోశాను. రేపట్నించి ఆ పనికి పోను."

నొప్పితో పళ్ళు బిగించి ఉన్నా అత్త మాట తడబడలేదు. "నువ్వు మానేస్తే ఇంకొకత్తె వచ్చి ఉతుకుతుంది. వాళ్ళ గుడ్డలకి నీ చెయ్యయితేనేం, ఇంకో చెయ్యయితేనేం? ఏడుపు ఆపి ఆలోచించు. మిషను ఆపితే చాలదు పిల్లా, గొట్టం తిప్పాలి."

మర్నాడు ఆమె పనిలోకి వచ్చింది. నేరుగా లాండ్రీ గదికి పోకుండా, ముందు గొట్టాలు చూసే ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయనా పేట మనిషే, వరసకు బాబాయి. తర్వాత వంటవాళ్ళతో మాట్లాడింది, ఊడ్చేవాళ్ళతో మాట్లాడింది. అందరి ఇళ్ళల్లోనూ బిందెలు ఎండే ఉన్నాయి కనక ఎక్కువ చెప్పవలసిన పని పడలేదు.

మధ్యాహ్నం పరిశోధన అమ్మాయి లాండ్రీ గదికి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట, ముఖంలో సంతోషం.

"అక్కా, నూటికి నూరుమందీ తువ్వాళ్ళు మళ్ళీ వాడుతున్నామన్నారు! మార్పు వచ్చిందనే రాస్తాను. మీరు కూడా ఒక మాట చెబితే..."

లాండ్రీ అక్క గోడవారగా లేచిన గుట్ట చూపించింది. "ఇవి నిన్న ఒక్కరోజువి. గది నంబర్లు కట్టే ఉన్నాయి. నువ్వే చూసుకో అమ్మా."

ఆ అమ్మాయి ఒక్కో మూటా తిప్పి చూసింది. టిక్కు పెట్టిన ప్రతి గది మూటా అక్కడే ఉంది. కిందికంటా పోయేసరికి ఒక బిళ్ళ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. అది ఆమె గది నంబరే. అందులో మూడు తువ్వాళ్ళు, ఒకటి మడత కూడా నలగలేదు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది.

"నాకు గుర్తే లేదక్కా" అంది చివరికి.

"గుర్తెందుకుంటుందిలే. ఎవరికీ ఉండదు" అంది లాండ్రీ అక్క. ఆ గొంతులో కోపం లేదు. అంతకన్నా ఘాటైన చులకన ఉంది.

సాయంత్రం హాల్లో వీడ్కోలు సభ. పచ్చటోపీ భూమి గురించి అరగంట మాట్లాడాడు. గొంతు గద్గదమైంది. వచ్చే ఏడాది సంఘం క్యాలెండరుకు అట్టమీది బొమ్మ ఎంపిక చేశామని తెరమీద చూపించాడు. నెత్తిన బిందెతో, వెలుతురులో తడిసిన ముసలామె. కింద 'ప్రకృతి ఒడిలో నిర్మల జీవితం' అని రాసి ఉంది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యనే పనివాళ్ళు పన్నెండుమంది లోపలికి వచ్చి నిలబడ్డారు. సభ చివర్లో జరగవలసిన పనివాళ్ళ సత్కారానికి పిలవకముందే వచ్చారేమిటా అని మేనేజరు కంగారుపడ్డాడు.

"ఆ బొమ్మలో ఉన్నది మా అత్త" అంది లాండ్రీ అక్క. "అది తీసిన మరుక్షణం ఆమె తుంటి విరిగింది. అది కూడా కింద రాయండి."

పచ్చటోపీ ముందుగా తేరుకున్నాడు. "అయ్యో, పాపం! చాలా బాధాకరం. మనమంతా తలా కొంత చందా..."

"చందా వద్దు సార్. మీరు రోజుకు రెండుసార్లు తొట్టి నింపుకుంటే మా పేటకు నీళ్ళు ఆగిపోతాయి. నీళ్ళు ఆగితే మా ముసలివాళ్ళు లోయలోకి దిగాలి. మీరు అక్కడ నిలబడి అది మా అదృష్టమంటారు. మళ్ళీ ఎక్కి చూపించమంటారు. తువ్వాలు కొక్కేనికి తగిలించే ఓపిక లేనివాళ్ళు భూమిని మోస్తామంటే ఎవరు నమ్ముతారు సార్?"

"ఏమిటిది? ఉద్యోగం చేయాలని ఉందా లేదా?" అని మేనేజరు గద్దించాడు.

వెనకనుంచి గొట్టాల బాబాయి ముందుకొచ్చాడు. "ఇందాకే తిప్పేశాను బాబూ. ఇకనుంచి ముందు పేట ట్యాంకు, ఆ పొర్లినవి మీకు. మళ్ళీ వెనక్కి తిప్పమంటే మేం పన్నెండుమందిమీ రేపటినుంచి రాం. వంట మీరే చేసుకోండి, గుడ్డలూ మీరే ఉతుక్కోండి."

నిండు సెలవుల్లో పన్నెండుమందిని మేనేజరు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అప్పుడు పరిశోధన అమ్మాయి లేచింది. తన కాగితాల్లో ఎవరు ఏమని టిక్కు పెట్టారో, వాళ్ళ గదుల మూటల్లో ఏం దొరికిందో వరసగా చదివింది. మొదట తన గది నంబరే చదివింది. సగం చదివేసరికే హాల్లో కుర్చీలు ఖాళీ కావడం మొదలైంది.

ఆ సాయంత్రం గదికి రెండు బకెట్ల నీళ్ళే అందాయి. ప్రకృతి ప్రేమ ఆ రెండు బకెట్లకే ఆవిరైపోయింది. చీకటి పడకముందే ఎనిమిది గదులవాళ్ళు కార్లు ఎక్కేశారు. 'పేరుకే కొండ, సౌకర్యాలు సున్నా, పనివాళ్ళకు మర్యాద తెలియదు' అని పచ్చటోపీ దారిలోనే విడిది మీద ఊరంతా చదువుకునేలా ఫోనులో రాసిపారేశాడు. ఆయన నాటిన మొక్క పేరేమిటో అప్పటికే ఆయనకు గుర్తులేదు. ఆ మొక్కలు ముప్ఫైలో ఒక్కటీ బతకలేదు.

విడిది మూతపడలేదు. రెండు బకెట్లకు ముఖం చిట్లించేవాళ్ళు రావడం తగ్గింది. సర్దుకునేవాళ్ళు వస్తున్నారు. అయితే పాఠకులు మరీ సంతోషపడనక్కరలేదు. బూట్లు తువ్వాలుతో తుడిచేవాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. పేటలో కుళాయి మాత్రం ఆగలేదు, ఎవరూ వాగుకు దిగడం లేదు.

అయిదు నెలల తర్వాత పరిశోధన అమ్మాయి పేటకు వచ్చింది. అత్త చేతికర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చి కూచుంది. ఒక కాలు ఇక ఎప్పటికీ పొట్టే.

"అవ్వా, నా పాత ప్రశ్నలన్నీ చించేశాను" అంది ఆ అమ్మాయి. "వచ్చినవాళ్ళకి మీ కొండమీద నిజంగా ప్రేముందో లేదో తెలుసుకోవాలంటే ఏం అడగాలి?"

"వాళ్ళనేం అడక్కు" అంది అత్త. "వాళ్ళు ఎప్పుడూ ఉందనే చెబుతారు. వాళ్ళు వెళ్ళిపోయాక వచ్చి మమ్మల్ని అడుగు. ఒక చోటుకి వెళ్ళినవాడి ప్రేమ వాడి నోట్లో ఉండదమ్మా, వాడు పోయాక అక్కడివాళ్ళకి ఏం మిగిలిందో అందులో ఉంటుంది."