పదో అద్దం

మా అక్క మొగుడు కాలేజీలో గణితశాఖకి పెద్ద. పెద్ద అంటే ఆయన కుర్చీ పెద్దదని అర్థం. నేను అదే శాఖలో ఆయన కింద పాఠాలు చెబుతాను.

కొత్త భవనం గుమ్మానికి రెండు పక్కలా ఉన్న అద్దాల మీద ఒక పెద్ద ప్రధాన సంఖ్యను చెక్కించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఒకటీ, తానూ తప్ప మరేదీ భాగించలేనిది, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండేది కావాలన్నారు. వెతికే పని నాది. పక్కన ఫలకం మీద నా పేరు వేయిస్తానని ఆయనే మాటిచ్చారు.

100030001 పట్టుకున్నాను. కంప్యూటర్ని అడిగితే క్షణంలో చెబుతుంది, నిజమే. కానీ నా పేరు పడే చోట నా చేతిలెక్క ఉండాలని నా పంతం. పదివేల లోపు ప్రధాన సంఖ్యలు పన్నెండు వందల ఇరవై తొమ్మిది. అంతకు పైవి చూడనక్కర్లేదు. ఒక్కొక్కదానితోనూ భాగించాను. వేసవి సెలవులన్నీ అందులోనే కరిగిపోయాయి. ప్రతిసారీ ఏదో ఒక శేషం మిగిలింది. ఆఖరిది రాసిన రోజు సంతోషం పట్టలేక ఏడ్చాను.

అద్దాల మేస్త్రీ వచ్చి కొలతలు చూశాడు. గుమ్మానికి అటు అయిదు అద్దాలు, ఇటు అయిదు; అంకెలు తొమ్మిదే. ఒకటి ఖాళీగా మిగులుతుందన్నాడు. బావగారు గడ్డం గోక్కుని, నడుమనున్న మూడు పక్కన ఇంకో మూడు అంకె వేసెయ్యమన్నారు. 1000330001. ఇప్పుడూ ఎటు చదివినా ఒకటే, ఇంకేం కావాలన్నారు. కర్టెను గుడ్డ చాలకపోతే అతుకు వేసినట్టు ప్రధాన సంఖ్యకి అతుకు వేశారు మహానుభావుడు. సంఖ్యను సరిదిద్దింది తాను కనక ఫలకం మీద పేరూ తనదే ఉండాలని తేల్చేశారు.

ఇంటికొచ్చి నోటుబుక్కు నేలకేసి కొట్టాను. అక్కకి ఫోన్ చేస్తే, ఆయన దాన్ని మెరుగుపరిచారు కదే అంది. ఒళ్లు మండి కలం తీశాను. ఎటు చదివినా ఒకేలా ఉండే సంఖ్యలో అంకెలు సరిసంఖ్యలో ఉంటే దాన్ని పదకొండు భాగించి తీరుతుంది. ఇది మొదటి ఏడాది పాఠం. ఏటా చెప్పేది బావగారే. భాగించి చూశాను. 90939091. శేషం సున్నా.

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు ఆయన నా గదికొచ్చారు. అక్క పోరు పడలేకపోయినట్టున్నారు.

"ఫలకం మీద నా పేరు కింద నీ పేరు కూడా వేయిద్దాంలే. నీ కష్టమూ కొంత ఉంది కదా."

వేసవంతా నేను చచ్చింది ఆ పేరు కోసమే.

"వద్దు బావగారూ. అది పూర్తిగా మీ సంఖ్య. మీ ఒక్కరి పేరే ఉండనివ్వండి."

ఆయన కళ్లు చెమర్చాయి. వేదిక మీద నా వినయాన్ని రెండుసార్లు మెచ్చుకున్నారు. ఈ సంఖ్యను ఏ శక్తీ విడదీయలేదని మూడుసార్లు చెప్పారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. లెక్కపెట్టి, పదకొండు.