కొత్తల్లుడికి ఖాకీ చొక్కా

ఆ ఇంటికి గ్రాఫిక్స్ కార్డు వచ్చిన రోజే అత్తయ్య దానికి పేరు పెట్టేసింది. కొత్తల్లుడు.

"మరి కాదా? వాడొక్కడికీ పట్టుపరుపు, మిగతా కొంపకంతా చాప," అంది, కోడలు బల్ల మీద పరిచిన సామాను చూసి.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కోడలు పనిచేసే యానిమేషన్ ఆఫీసులో మిషన్లు మారుస్తూ, తెర మీద బొమ్మ తడబడకుండా ఆడించే ఖరీదైన ఆ కార్డును ఉద్యోగులకే సగం ధరకు ఇచ్చారు. సగమైనా ఆమె దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది. ఇక మదర్‌బోర్డు, ప్రాసెసర్ ఎవరో వాడి అమ్ముకున్నవి. క్యాబినెట్ ఓ పక్క సొట్టపడిన రేకు డబ్బా. పవర్ సప్లై ఒక్కటి మాత్రం కొత్తది కొంది. అల్లుడి తిండి దగ్గర చెయ్యి బిగబడితే అలిగి పడుకుంటాడు కదా.

ఇంత హంగామా మామయ్య కోసం. ఆయన బస్సు డ్రైవరు. పక్కల చూపు తగ్గిపోతోందని డాక్టరు తేల్చాక లైసెన్సు పోయింది. అప్పట్నుంచి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, రోడ్డు మీద పోయే బళ్లను చూస్తూ ఉండిపోయాడు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. అత్తయ్యా ఆ బస్సు మనిషే, ఆయన బండిలోనే కండక్టరుగా చేసింది. పెళ్లికి ముందు వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మాటలు 'హోల్డాన్', 'రైట్ రైట్' అంతేనని ఇంట్లో ఓ వేళాకోళం. లైసెన్సు పోయాక ఆ పాటి మాటలు కూడా కరువయ్యాయి. కొడుకుది ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. అతను ఈ ఇంట్లోనూ కనపడడు, ఈ కథలోనూ కనపడడు. కాబట్టి చూస్తూ కుమిలిపోయింది కోడలే. మామయ్యంటే ఆమెకు ప్రాణం. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, వెనక కూర్చుని ఒక్కసారీ విసుక్కోకుండా స్కూటరు నేర్పింది ఆయనే.

బస్సు నడిపే గేమ్ ఒకటుంది. ఆఫీసు నుంచి తెచ్చిన మామూలు ల్యాప్‌టాప్ మీద ఆయనకు చూపిస్తే, బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే కళ్లు లాగుతున్నాయన్నాడు. రోడ్డూ అద్దాలూ అన్నీ ఎదురుగానే కనపడాలి, రోడ్డు నూనె రాసినట్టు జారాలి. అందుకే ఈ అల్లుడు.

ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టారు. తీరా చూస్తే కార్డు క్యాబినెట్‌లో పట్టలేదు. నాలుగు వేళ్ల పొడవు ఎక్కువ. కొలత చూడకుండా కొన్నందుకు కోడలు తనను తానే తిట్టుకుంటుంటే, కిటికీ పక్క కుర్చీ కిర్రుమంది. మామయ్య లేచి వచ్చి, లోపలికి తొంగిచూసి, హార్డ్‌డిస్కులు పెట్టే అరను వేలితో తట్టాడు.

"ఇది దేనికమ్మా?"

"మనకి అక్కర్లేదు మామయ్యా."

"అక్కర్లేనిది అడ్డమెందుకు? రంపం తే."

రేకు కోస్తున్నంతసేపూ ఆయన కూనిరాగం తీశాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

సాయంత్రానికి గేమ్ కోసం తెచ్చిన స్టీరింగును భోజనాల బల్లకు బిగించారు. మామయ్య కూర్చుని అద్దాలు సరిచేసుకున్నాడు. ఇంజను స్టార్ట్ చేసి, ఎందుకో వంటింటి వైపు ఓసారి చూశాడు. ఏ మాటా రాలేదు. తనంతట తనే గేరు వేసి కొండదారి ఎక్కించాడు. "ఈ వయసులో బొమ్మలాట," అని లోపల్నుంచి అత్తయ్య సణుగుడు వినిపించింది.

సోమవారం నుంచి అసలు తంటా మొదలైంది. కోడలు ఆఫీసుకు వెళ్లాక మామయ్య బండెక్కుతాడు. కొండ సగం ఎక్కేసరికి కంప్యూటర్ టప్పున ఆరిపోతుంది. సాయంత్రం కోడలు వచ్చి చూస్తే శుభ్రంగా నడుస్తుంది. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. స్క్రూలన్నీ విప్పి బిగించింది, వైర్లు పీకి పెట్టింది. అల్లుడికి మర్యాద చేసి మిగతా వాటి దగ్గర కక్కుర్తి పడ్డానే అని తల పట్టుకుంది.

"నీ సామాను తప్పు కాదమ్మా," అన్నాడు మామయ్య. "నీ చేతిలో నడుస్తోందిగా. నా చేతిలోనే ఆగిపోతోంది. నాకిక బండి రాసిపెట్టి లేదు. అమ్మేయ్."

మళ్లీ వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు. కోడలికి ఏడుపొచ్చింది. రేపొక్కసారి నా కోసం నడపమని బతిమాలి ఒప్పించి, మర్నాడు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చేసింది.

మామయ్య కొండ ఎక్కుతున్నాడు. బల్ల కింద కంప్యూటర్ ఉండాల్సిన చోట ఓ ఖాకీ మూట ఉంది. స్విచ్చి దగ్గర కాజా, వెనక వైర్లకు చిన్న కంత. మిగతా అంతా ఎక్కడా సందు లేకుండా కొలతకు కుట్టిన కవరు. మామయ్యకు అది కనపడలేదా అంటే, కనపడింది. మిక్సీకి కవరు, టీవీకి కవరు, ఫ్రిజ్జుకి కవరు. ఆ ఇంట్లో కవరు లేనివి మనుషులే. ఆయన పట్టించుకోలేదు.

కోడలు చెయ్యి వేస్తే పెనంలా కాలింది. కవరు లాగేలోపే తెర నల్లబడింది.

"అత్తయ్యా, ఇదేంటి?"

అత్తయ్య గుమ్మంలో తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"దుమ్ము పడుతుందని కుట్టా. నువ్వొచ్చేలోపు తీసి దాచేదాన్ని. ఇన్నాళ్లు వెక్కిరించి ఇప్పుడు ముద్దు చేస్తున్నానని నవ్వుతావని." ఆవిడ కిటికీ పక్క కుర్చీ వైపు చూసింది. "దుమ్ము పట్టి అది పాడైతే, ఈయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటారు. నేను చూడలేనే అమ్మాయ్."

కోడలు కవరు తిప్పి చూసింది. ఒక పక్కన జేబు, జేబు మీద కండక్టరు బ్యాడ్జీ గుచ్చిన చిల్లులు. కలరా ఉండలు వేసి పెట్టె అడుగున దాచుకున్న తన యూనిఫాం చొక్కాను కోసేసింది ఆవిడ.

"వాడికి ఊపిరాడలేదు అత్తయ్యా, అంతే. గాలి తగలకపోతే వేడెక్కి ఆగిపోతుంది." కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. "విన్నారా మామయ్యా? మీ చేతిలో తప్పేం లేదు."

మామయ్య చూపు చొక్కా మీదే ఉంది. "కోసేశావా?" అన్నాడు భార్యతో. "ఒక్క మాట అడగలేదేం?"

"అడిగితే వద్దనేవారు."

కంప్యూటర్ చల్లారాక కోడలు మళ్లీ ఆన్ చేసింది. మామయ్య కూర్చుని అద్దాలు సరిచేసుకున్నాడు. ఇంజను స్టార్టయింది. బస్సు మాత్రం కదల్లేదు.

"ఏమైంది మామయ్యా?" అంది కోడలు కంగారుగా.

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, చెవి ఒక్కటి వెనక్కి పెట్టి కూర్చున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ కండక్టరు మాట లేకుండా బండి కదిపిన పాపాన పోలేదాయన.

అత్తయ్య ఆ ఖాకీ గుడ్డను భుజాన వేసుకుని, వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడింది. గొంతు సరిచేసుకుంది.

"రైట్," అంది. "రైట్ రైట్."

బస్సు కదిలింది.