రెండు వంటిళ్ళు, ఒక్క ఇల్లు

ఆదివారం కోళ్ళు పెట్టే గుడ్లు దేవుడివి. మా లోయలో ఆడవాళ్ళమంతా అవి అమ్మి, మా చర్చి కొత్తగా కడుతున్న బడికి, అదే అకాడమీకి, కిటికీ అద్దాలు తెప్పించాం. దాని గోడలకు కొండ మీంచి రాయి తోలే మగవాళ్ళకు ఏళ్ళ తరబడి రొట్టెలు కాల్చి పంపాను. పిండి పిసికి పిసికి నా మణికట్టు వాచిపోతే, "దేవుడి పనికి అలుపేంటే?" అన్నాడు మా ఆయన లోరిన్. రాయి ఆయన మోయలేదు, రొట్టె ఆయన కాల్చలేదు. బడి బోర్డు పెద్దల్లో ముందు పేరు మాత్రం ఆయనదే.

చందాలప్పుడు సభలో లేచి, "మావి రెండిళ్ళు, రెండు వంతులు రాసుకోండి" అని గొప్పగా చెప్పాడు. పెద్దభార్య పార్థీనియా అక్కది ఒక వంతు, నాది ఒకటి. నేనూ సంబరంగానే ఇచ్చాను, నా కూతురు ఆల్మెడా ఆ గదుల్లో కూర్చుంటుందని. దానికి చదువంటే ప్రాణం. బొగ్గుముక్క దొరికితే చాలు, పొయ్యిగట్టంతా లెక్కలే.

తీరా తెరిచే వేళకు బెంచీలు చాలవన్నారు. ఈ ఏడు ఇంటికి ఒక్కరేనట.

"హైరమ్‌ని పంపుదాం" అన్నాడు లోరిన్. హైరమ్ అక్క కొడుకు. బడి మాటెత్తితే గుర్రాలశాలలో దూరతాడు.

"మరి ఆల్మెడా?"

"మనది ఒక్క ఇల్లేగా!"

"ఇచ్చేటప్పుడు రెండిళ్ళు, పుచ్చుకునేటప్పుడు ఒకటా?"

"మొదలెట్టావా! బడికొచ్చే పైఊళ్ళ కుర్రాళ్ళు మనింట్లోనే తింటారు. ఆల్మెడా వాళ్ళకి వండనీ. అదీ చదువే."

పిల్ల బంగాళాదుంపల బుట్ట ముందేసుకుని తొక్క తీయసాగింది. ఏడ్చినా బాగుండేది.

బడి తెరిచిన ఉదయం దాని చెయ్యి పట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో ప్రిన్సిపల్ బ్రదర్ ఆష్‌వర్త్, "ఎవరింటి పిల్లమ్మా?" అన్నాడు, తెలిసినా అందరి ముందూ అడిగి రాసుకోవాలి కాబట్టి.

పక్కనే ఉన్న లోరిన్ పళ్ళు బిగించి, "ఇంటికి పద. పరువు తీయకు" అన్నాడు.

మా చర్చి ఒప్పినా సర్కారు ఒప్పదు కనక, ఇద్దరు పెళ్ళాలున్నవాళ్ళను జైల్లో వేయడానికి సర్కారు మార్షళ్ళు వచ్చినప్పుడల్లా చెప్పమని ఆయన నాకొక మాట నేర్పాడు. పిల్లను చంకనేసుకుని ఎన్నిసార్లు చెప్పానో. నోటితో అంటూనే లోపల ఏడ్చేదాన్ని. ఆయన మీద అంత ప్రేమ నాకు.

"నా ఇంటి పిల్లండీ" అని, ఆయన నేర్పిన ఆ మాటే అన్నాను. "నాకు మొగుడు లేడు."

ఈసారి అబద్ధమాడినట్టు అనిపించలేదు.