గుట్టల బీడులో ఎర్ర గుర్రం

రాజనర్సు చేతులు ఊరికే ఉండవు. ఉండమంటే ఎలా ఉంటాయి? సిరిసిల్లలో పదేళ్లు, భివండిలో పద్నాలుగేళ్లు ఎనిమిదేసి సాంచాలను, అంటే కరెంటు మగ్గాలను, ఒక్కడే నడిపిన మనిషి. నడిచే మగ్గాల వంక కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. ఏది ఆగితే దాని దగ్గరికి ఉరికి, తెగిన పోగు ముడేసి, మళ్లీ నడిపించేవాడు. ఆగిందంటే చెడిందనే అతని లెక్క.

కరోనా ఏడాది భివండి సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. లారీలెక్కి, నడిచి, పడుతూ లేస్తూ ఇల్లు చేరాడు. సిరిసిల్లలోనూ పని సగానికి పడిపోయింది. పెళ్లిళ్లు లేని ఆ ఏడాదే బరాతు ఊరేగింపుల గుర్రాల వాళ్లు మేత పెట్టలేక తమ పొట్టి గుర్రాలను ఎల్లంతకుంట అవతలి గుట్టల బీడులో వదిలేసి పోయారు. అవి అక్కడే బతికి, పిల్లల్ని పెట్టి మందయ్యాయి. కొన్నాళ్లకు అటవీశాఖ ఆ బీడు చుట్టూ కంచె వేసి కాపలా పెట్టింది, మొదటి కాపలాదారును తీసేశాక రాజనర్సును పెట్టుకుంది. మూడు నెలలు చూస్తారు. నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే మళ్లీ భివండి రైలే గతి. అక్కడ ఒక్క గదిలో పన్నెండు మంది వంతులేసుకుని పడుకున్న రోజులు మళ్లీ వద్దనుకున్నాడు.

బీట్ ఆఫీసర్ ప్రేమలత మొదటి రోజే చెప్పింది. "రాజనర్సన్నా, గుర్రాలను ముట్టద్దు, మేపద్దు, అదిలియ్యద్దు. దూరంకెల్లి సూసి బుక్కుల రాసుడే నీ పని."

ఇదీ ఒక పనేనా అని లోపల నవ్వుకున్నాడు గానీ, నెల తిరిగేసరికి ఆ బీడు మీద మనసు పడ్డాడు. మంచులో తడిసిన గడ్డి, తంగేడు పూలు, తోకలూపుకుంటూ మేసే గుర్రాలు. హాయిగా ఉండేది. చెవుల్లో సాంచాల మోత కూడా తగ్గింది.

రెండో నెలలో ఒక పొద్దున ఎర్ర గుర్రం ఒకటి మందను వదిలి, పరికి కంపల దగ్గర కదలకుండా నిలబడింది. రాజనర్సులో పాత బుద్ధి మేలుకొంది. ఆగిందంటే చెడిందే! తువ్వాల ఊపి దాన్ని మంద వైపు తోలాడు. అది అడుగడుక్కీ వెనక్కి తిరిగి సకిలించింది. "మొండిదానా, నడువు" అని గదమాయించి, మందలో కలిపేదాకా వదల్లేదు.

తిరిగి వచ్చి చూస్తే ఏముంది! కంపల నీడన ఇంకా ఒళ్లు ఆరని పిల్ల. లేవబోయి కూలబడుతోంది.

తాను తోలింది దీని తల్లినే. ఎత్తుకుని తల్లి దగ్గరికి ఉరకాలనిపించింది. ఎవరూ చూడరు, ఎవరికీ తెలియదు. కానీ ముట్టద్దన్న మాట అడ్డొచ్చింది. ఉద్యోగం పోతే పోయిందనుకుని ఫోన్ చేశాడు.

"మేడం, తప్పు జేసిన. పిల్ల తల్లిని ఎల్లగొట్టిన."

"పిల్లను ముట్టినవా?"

"ముట్టలే."

"ముట్టకు. నువ్వు ఆడ ఉంటే తల్లి రాదు. గుట్టెక్కి కూసో. నేనొస్తున్న."

గుట్ట మీద చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పిల్ల పడినప్పుడల్లా తానే పడినట్టు ఉలిక్కిపడ్డాడు. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాడు. ఒకటి చాలదేమోనని రెండన్నాడు. ఎండ నెత్తికెక్కే వేళకు గడ్డిలో ఎర్రటి వీపు కనబడింది. తల్లి పరుగున వచ్చి పిల్లను మూతితో నెట్టింది. నాలుగోసారికి అది నిలబడి పాలు అందుకుంది. రాజనర్సు వెక్కి వెక్కి ఏడ్చాడు.

ప్రేమలత గుట్టెక్కి వచ్చి తల్లీపిల్లలను చాలాసేపు చూసింది. బిచానా సర్దుకొమ్మంటుందని అతను తల వంచుకుని నిలబడ్డాడు.

"జరిగిందంతా రాయి," అంది ఆమె. "నీకు ముందున్నాయన గిట్లనే చేసి, నాకు చెప్పకుండ పిల్లను ఎత్తుకపోయిండు. అది బతకలే. నువ్వు ఫోన్ చేసినవు. ఇగ నువ్వీడనే ఉండు, మూడు నెలల ముచ్చట నేను సూసుకుంట."

సాయంత్రం భార్య రాజక్కకు ఫోన్లో అంతా చెప్పాడు.

"పిల్ల గట్ల పడుతుంటే ఎట్ల సూసుకుంట కూసున్నవయ్యా?" అందామె.

"మన బిడ్డ మొదటిసారి లేసి నిలబడ్డప్పుడు నేను భివండిల ఉంటి. నువ్వు ఫోన్ల చెప్తే ఇన్న. కండ్లార సూసుడు గిదే మొదలు."

"రేపు పొద్దుగాల బస్సుకు నేనూ అస్త," అంది రాజక్క. "నాకూ సూపియ్యి."